ఛాంబరు మూత మీద ఎర్ర మరకలు

ఫైబర్ మూత పైకి లేచేసరికి లోపల మనిషి కూర్చుని ఉన్నాడు.

మోకాళ్ళు ముడుచుకుని. తల గోడకు ఆనించి. కళ్ళు సగం తెరిచి.

శనివారం ఉదయం 9.20. మదనపల్లె నుంచి పుంగనూరు వెళ్ళే రోడ్డులో, ఊరు దాటిన రెండో కిలోమీటరు దగ్గర పెట్రోల్ బంకు. ఇన్‌స్పెక్షన్‌కు వచ్చిన ఆయిల్ కంపెనీ ఆఫీసర్ నాలుగడుగులు వెనక్కి వెళ్ళి వాంతి చేసుకున్నాడు. మూత విప్పిన ఫిట్టర్ వాజిద్ మాత్రం కదలలేదు. స్పానర్ అతని చేతిలో అలాగే ఉంది.

"మా బావ," అన్నాడు. ఎవరితోనూ కాదు.

9.50కి సి.ఐ. అమరావతి జీపు దిగింది. వెనకాల హెడ్ కానిస్టేబుల్ గురప్ప.

ఫైర్ సర్వీస్ వాళ్ళు మాస్కులు పెట్టుకుని శవాన్ని పైకి తీశారు. ఇక్బాల్. ముప్పై నాలుగేళ్ళు. ఊరు పుంగనూరు. పని, ఛాంబర్లు బిగించడం.

భూమిలో పూడ్చిన పెట్రోల్ ట్యాంకుకు పైన ఒక మ్యాన్‌హోల్ ఉంటుంది. దాని చుట్టూ ఫైబర్‌తో నిలువుగా ఒక గదిలాంటిది పెడతారు. నాలుగడుగుల వెడల్పు, ఐదడుగుల లోతు. కారిన పెట్రోలు మట్టిలోకి దిగకూడదు, వాన నీళ్ళు ట్యాంకులోకి పోకూడదు. అందుకే ఛాంబరు. పైన బోల్టులు బిగించే మూత.

ఆ మూత బయటి నుంచి బిగించి ఉంది.

అమరావతి శవం నడుము వైపు చూసింది. బెల్టు. బెల్టుకు కట్టిన తాడు. ఇరవై అడుగుల తాడు మొత్తం అతని ఒళ్ళోనే కుప్పగా పడి ఉంది.

"గురప్పా, గొయ్యిలోకి దిగినోడి తాడు కొస యాడుండాల?"

"పైన మేడం. పట్టుకునే వాని చేతిలో."

"ఈడ రెండు కొసలూ లోపలే ఉండాయి."

గురప్ప వంగాడు. మూతను తిరగేసి చూపించాడు. పై అంచున, బోల్టు తలల మీద ఎర్రటి మరకలు. వేళ్ళు ఒత్తినట్టు అయిదారు చోట్ల. శుక్రవారం సాయంత్రం చినుకులు పడ్డాయి. కొన్ని మరకలు కాస్త పాకాయి.

"రక్తం," అన్నాడు గురప్ప.

లోపలి వైపు కూడా ఉంది ఒక గుర్తు. క్లూస్ టీమ్ వాళ్ళు టార్చి వేసి చూపించారు. రెండు అరచేతుల అచ్చులు. పసుపు రంగు. గట్టిపడిన జిగురు. పది వేళ్ళూ విడివిడిగా కనిపిస్తున్నాయి.

అమరావతి వాటి వైపు చాలాసేపు చూసింది.

మూత పడేటప్పటికి అతను బతికే ఉన్నాడు.

* * *

బంకు ఆఫీసు గది. 10.40.

వాజిద్‌కు ఇరవై ఆరేళ్ళు. ఇక్బాల్ భార్య నాజ్నీన్‌కు సొంత తమ్ముడు. కుడి చేతి బొటన వేలికి గుడ్డ చుట్టి ఉంది.

"వేలికేమైంది?"

"ఫైబర్ గుడ్డ కోస్తుంటే తెగింది మేడం. బేస్తవారం."

"నిన్న తాడు ఎవరు పట్టుకున్నారు?"

"నేనే."

"ఎంతసేపు?"

"పదింటి నుంచి. పన్నెండూ నలభై దాకా."

"తర్వాత?"

"శుక్రవారం కదా మేడం. నమాజుకు పోయినా. ఇద్దరం పోవాల. మా బావ అప్పటికే ఫైబర్ అంటించే జిగురు, రెజిన్, కలిపేసినాడు. అది కలిపినాక ఆగదు. గడ్డ కడతాది. నువ్వు పో, నేను ఈ జాయింటు ముగించి వస్తానన్నాడు."

"తాడు వదిలేసి పోయినావా?"

వాజిద్ తలెత్తాడు. "వదల్లేదు. మునన్న చేతికిచ్చి పోయినా."

మునన్న అంటే వెంకటముని. బంకు మేనేజరు. ఓనరు బెంగుళూరులో ఉంటాడు. బంకు నడిపేదంతా వెంకటమునే.

"ఇచ్చినావని సాక్ష్యం?"

"మాకొక పద్ధతి ఉండాది మేడం. తాడు చెయ్యి మారితే కొత్తోని పేరు లోపలోనికి ఇనపడేటట్టు చెప్పాల. లోపలోడు ఒప్పుకుంటే రెండుసార్లు లాగతాడు. అప్పుడే పైనోడు కదలాల. నేను 'బావా, మునన్న పట్టుకున్నాడు' అని అరిచినా. రెండుసార్లు లాగినాడు. అప్పుడే పోయినా."

"విన్నోళ్ళు?"

"లోపలున్నోడు," అన్నాడు వాజిద్. "ఇంకెవరూ లేరు."

"తిరిగొచ్చింది?"

"ఒకటీ యాభైకి. మూత బిగించి ఉండాది. 'మీ బావ పని ముగించి బస్సెక్కినాడు, నువ్వూ పో' అన్నాడు మునన్న. పోయినా."

"ఫోన్ చేయలేదా?"

"స్విచాఫ్ వచ్చింది. గొయ్యిలోకి దిగేటోడు ఫోను ఆఫ్ చేసి ఆఫీసు సొరుగులో పెట్టాల. మళ్ళీ ఆన్ చేయడం మర్చిపోయినాడనుకున్నా."

ఇక్బాల్ ఫోను ఆ సొరుగులోనే దొరికింది.

తర్వాత వెంకటముని వచ్చాడు. యాభై రెండేళ్ళు. నుదుట విభూతి. ఏడ్చిన కళ్ళు.

"ఇరవై రెండేళ్ళుగా ఈడనే ఉండానమ్మా. ఇట్లాంటిది సూడలేదు."

"తాడు మీ చేతికిచ్చినాడంట?"

"నా చేతికా?" వెంకటముని అరచేతులు చాపి చూసుకున్నాడు. "నేను ఆఫీసులో ఉండానమ్మా. వాడు సెప్పకుండానే పోయినట్టుండాడు. పిల్లోడు మంచోడే. కానీ తాడు పట్టుకుని ఫోను సూస్తాడు. పోయిన వారం ఇక్బాలు ఆ మాటకే అందరి ముందర లెంపకాయ కొట్టినాడు. నేనే విడిపించినా."

"నిన్న మధ్యాహ్నం ఇంకెవరైనా వచ్చినారా?"

"బంకు మూసిందమ్మా. కరెంటు మెయిన్ ఆఫ్. కెమెరాల్లేవు, పంపుల్లేవు. పనోళ్ళకు సెలవు. ఈగ కూడా రాలేదు."

"మూత ఎవరు బిగించినారు?"

"ఇక్బాలే బిగించి పోయుంటాడనుకున్నా. నేను ఆ పక్కకే పోలేదు."

"ఆయన బస్సెక్కినాడని వాజిద్‌కు చెప్పినారా?"

"వాడు సాయంత్రం దాకా రానే లేదమ్మా." గొంతు తగ్గించాడు. "వాని మీద కేసు పెట్టొద్దమ్మా. ఆ ఆడమనిషికి ఇంకెవరుండారు?"

బయటికి రాగానే గురప్ప వేళ్ళు మడిచాడు. "లెంపకాయ తిన్నాడు. వేలు తెగుండాది. మూత మీద రక్తం ఉండాది. మేనేజరేమో వాణ్ణి కాపాడాలని సూస్తాండాడు. సీదా కేసు మేడం."

"సీదాగానే ఉండాది," అంది అమరావతి. "ఆ మేనేజరు వాణ్ణి కాపాడతానంటూనే లెంపకాయ సంగతి నాకు చెప్పినాడు. నేను అడగలేదు."

* * *

కాంట్రాక్టరు రామప్ప కుప్పం నుంచి కారులో వచ్చేసరికి ఒంటిగంట దాటింది. లావుపాటి మనిషి. చెమట తుడుచుకుంటూ దిగాడు.

"నిన్న మధ్యాహ్నం యాడుండారు?"

"కుప్పంలో మేడం. ఇంకో బంకులో ఇదే పని. ఇద్దరు ఇంజినీర్లు నా పక్కనే ఉండారు. కావాలంటే అడగండి."

"అడిగినాం. ఉండారు. ఇక్బాల్ మీకు ఫోన్ చేసినాడా?"

రామప్ప ఫోన్ తీసి చూపించాడు. శుక్రవారం, 12.31.

"ఏమన్నాడు?"

"పైకొచ్చి రెజిన్ కలుపుతాండా, ఆఖరి జాయింటు, రేపు ఇన్‌స్పెక్షన్‌కు తిప్పలు లేవు అన్నాడు."

"ఒకే డబ్బా ఉండిందా?"

"ఆ జాయింటుకు ఒకటే డబ్బా మేడం. పంపింది నేనే."

"కలిపినాక ఎంతసేపు మెత్తగా ఉంటాది?"

"ఈ ఎండకా? అర్ధగంట. మహా అయితే నలభై నిమిషాలు. ఆ తర్వాత సుత్తి పెట్టి కొట్టినా అచ్చు పడదు."

"అంటే ఒకటీ పది తర్వాత చేత్తో అచ్చు పడదు."

"పడదు మేడం."

అమరావతి నోట్‌బుక్‌లో ఆ అంకె రాసుకుంది. 1.10.

ఇక్బాల్ చేతికి అంటిన జిగురు మూతకు అంటుకుంది. అది ఒకటీ పది లోపలే. అప్పటికే అతని తల మీద మూత ఉంది.

"లోపలికి గాలి ఎట్లా పోతాది?"

"బ్లోయరు మేడం. మా జనరేటర్ మీద ఆడతాది. అది ఆడుతున్నంతసేపూ లోపలున్నోనికి ఏమీ కాదు. ఆగిందా, పెట్రోలు ఆవిరి బరువు. అడుగునే చేరతాది. రెండు నిమిషాల్లో తల తిరగతాది."

"నిన్న జనరేటర్ ఎవరు ఆపినారు?"

రామప్పకు తెలియదు.

సాయంత్రం అయిదున్నరకు పోస్ట్‌మార్టం చేసిన డాక్టరు ఫోన్ చేశాడు. ఊపిరితిత్తుల నిండా పెట్రోలు ఆవిరి. చనిపోయింది శుక్రవారం మధ్యాహ్నం ఒకటికీ మూడుకీ నడుమ.

"గాయాలు?"

"ఏమీ లేవు. గీత కూడా లేదు."

మరయితే మూత మీద రక్తం ఎవరిది? వాజిద్‌దే అయి ఉండాలి. గురప్ప మొహంలో ఆ మాటే ఉంది.

ఏడింటికి మసీదు కమిటీ వాళ్ళు కెమెరా రికార్డు ఇచ్చారు. గేటు దగ్గర వాజిద్. లోపలికి వెళ్ళింది 12.52. బయటికి వచ్చింది 1.38.

"మూత వేసింది వాడు కాదు," అంది అమరావతి.

"రక్తం మేడం?"

"అదే తెలీట్లేదు."

"తిరిగొచ్చినాక బోల్టులు బిగించుంటాడు. బావ పోయుండడం సూసి, నింద మీద పడతాదని భయపడి."

జరగదని చెప్పడానికి లేదు. ల్యాబు రిపోర్టుకు వారం పడుతుంది. వాజిద్ ఆ రాత్రి స్టేషన్‌లోనే ఉన్నాడు.

* * *

ఆదివారం ఉదయం ఎనిమిదింటికి పుంగనూరు.

ఇక్బాల్‌ను ముందురోజు సాయంత్రమే ఖననం చేశారు. ఇద్దత్ మొదలైంది. భర్త పోయిన ఆడమనిషి నాలుగు నెలల పది రోజులు గడప దాటకూడదు. నాజ్నీన్ గది తలుపుకు అడ్డంగా పాత దుప్పటి కట్టారు. మాటలు దాని వెనక నుంచి వచ్చాయి. ముందు గదిలో ఆమె మేనత్త రబియా కూర్చుని ఉంది.

"శుక్రవారం రాత్రి వాజిద్ మీ దగ్గరికొచ్చినాడా?"

"వచ్చినాడు మేడం. 'దుల్హాభాయ్ రాలేదా ఆపా' అని బావ కోసం అడిగినాడు. రాలేదన్నా. 'ఆయన బస్సెక్కినాడంట, సదుంలో ఎవరికో పని చేసిస్తానన్నాడు కదా, ఆడికి పోయుంటాడు' అన్నాడు. అన్నం తిన్నాడు. పండుకున్నాడు."

"భయపడినట్టు కనిపించినాడా?"

"రెండోసారి పెట్టించుకుని తిన్నాడు మేడం."

అమరావతి నోట్‌బుక్‌లో ఆ మాట రాసుకుంది.

"బావామరుదులకు గొడవలా?"

"తాడు కాడ ఫోను సూసినాడని కొట్టినాడు. కొట్టి ఇంటికొచ్చి ఆయనే ఏడ్సినాడు. 'నీ తమ్ముని చేతిలో నా పానం ఉంటాది, వానికి తెలియాల కదా' అన్నాడు. మా అమ్మ పోయేటప్పటికి వాజిద్‌కు నాలుగేండ్లు. నేనే పెంచినా. వాడే చేసుంటే చెప్పండి. ఈ తలుపు వానికి తెరవను. వాడు కాకపోతే తెచ్చి నా ముందర నిలబెట్టండి. ఏదో ఒకటి చెప్పండి మేడం. అనుమానం పెట్టుకుని ఎన్నాళ్ళు కూసుంటా నేను ఈ గదిలో?"

రబియా మెల్లిగా అంది. "నిన్న మేనేజరాయన వచ్చి ఇడ్లీలు ఇచ్చి పోయినాడమ్మా. తినమని బతిమాలినాడు. వాజిద్‌ను క్షమించమన్నాడు."

"వాజిద్ తప్పు చేసినాడని ఆయన మీతో అన్నాడా?"

"అనలేదమ్మా. క్షమించమన్నాడు. అంటే ఏందిక?"

తిరుగుదారిలో డీజిల్ కోసం జీపు ఆగింది. పుంగనూరు బయట ఒక బంకు. 9.10.

అక్కడ ట్యాంకర్ లారీ లోడు దింపుతోంది. బంకు మనిషి ఒకడు పొడవాటి ఇత్తడి రాడ్డు కొసకు ట్యూబులోంచి ఏదో పూస్తున్నాడు. గోధుమరంగు ముద్ద. రాడ్డు ట్యాంకులోకి దించి, పైకి లాగి, చూసి పక్కన పెట్టాడు. తర్వాత బకెట్టులో చేతులు ముంచాడు.

వేళ్ళు ఎర్రగా బయటికి వచ్చాయి.

అమరావతి జీపు దిగింది.

"వేలు తెగిందా?"

"లేదు మేడం." అతను నవ్వాడు. "వాటర్ పేస్టు. ట్యాంకులో నీళ్ళున్నాయా లేదా అని సూస్తాం. పెట్రోలు తగిలితే రంగు మారదు. నీళ్ళు తగిలితే ఎర్రగయితాది. తుడుచుకోకుండా చేతులు కడిగితే ఇదే గతి. మా ఆవిడ మొదట్లో అరిచేది, ఏం కొట్లాడొచ్చినావని."

"ఇది ఎప్పుడు పూస్తారు?"

"పొద్దున్నే డిప్పు, అంటే ట్యాంకు కొలత, చూసేటప్పుడు. లోడు వచ్చినప్పుడు, దించే ముందర ఒకసారి, దించినాక ఒకసారి."

"ఛాంబరు బిగించే పనోళ్ళు వాడతారా?"

"వాళ్ళకెందుకు మేడం? వాళ్ళకు రాడ్డుతో పనేముంది?"

అమరావతి ట్యూబు తీసుకుంది. ఒక చుక్క జీపు బానెట్ మీద రాసింది. గోధుమరంగు. సీసాలో నీళ్ళు దాని మీద పోసింది.

గురప్ప టోపీ తీసి తల గోక్కున్నాడు.

"డిపోకు ఫోన్ చెయ్ గురప్పా. శుక్రవారం మన బంకుకు లారీ ఏదైనా బయలుదేరిందా అడుగు. లారీ జీపీఎస్ కూడా అడుగు."

* * *

ఆదివారం సాయంత్రం 4.30. నాజ్నీన్ ఇల్లు.

ఆమె గడప దాటి స్టేషన్‌కు రావడానికి లేదు. కాబట్టి అందరినీ అక్కడికే రమ్మంది అమరావతి. రామప్ప గోడకు ఆనుకుని నిలబడ్డాడు. గురప్ప వాజిద్‌ను జీపులోంచి దింపి లోపలికి తెచ్చాడు. వెంకటముని అరటిపండ్ల సంచితో వచ్చాడు. సంచి రబియా ముందు పెట్టి, చేతులు కట్టుకుని కూర్చున్నాడు.

దుప్పటి అంచు దగ్గర గాజులు లేని చెయ్యి కదిలింది.

"నాజ్నీనమ్మా, వింటున్నావా?"

"వింటాండా మేడం."

"మొదట నీ తమ్ముని సంగతి. మూత లోపల మీ ఆయన చేతి అచ్చులు ఉండాయి. ఒకటీ పది లోపల పడినవి. ఆ టైముకు వాజిద్ మసీదులో ఉండాడు. కెమెరాలో ఉండాడు. మూత వేసింది వాడు కాదు."

వాజిద్ కళ్ళు మూసుకున్నాడు.

"మరి రక్తం?" రామప్ప అడిగాడు.

"ఒక ప్లేటు ఇవ్వండమ్మా."

రబియా స్టీలు ప్లేటు తెచ్చింది. అమరావతి జేబులోంచి ట్యూబు తీసి, బొటనవేలితో ప్లేటు అంచు మీద మూడు చోట్ల రాసింది. ప్లేటును అందరికీ చూపించింది. గోధుమరంగు వేలిముద్రలు.

"మేనేజరుగారూ, ఇదేంది?"

వెంకటముని పెదవులు తడుపుకున్నాడు. "వాటర్ పేస్టు."

ఆమె చెంబులోంచి నీళ్ళు వంచింది. ముద్రలు ఎరుపెక్కాయి. ఫోన్ తీసి మూత ఫోటో పక్కన పెట్టింది. అదే ఎరుపు. అదే పాకిన తీరు.

"శుక్రవారం సాయంత్రం చినుకులు పడినాయి. అవే రంగు తేల్చినాయి. మేమంతా రక్తమనుకున్నాం. తెగిన వేలు కోసం వెతికినాం. మూత మీద ఉన్నది పేస్టు. బోల్టులు బిగించినోని వేళ్ళకు పేస్టు ఉండింది. రామప్పా, ఆ మూత ఎప్పుడు బయటికి తీసినారు?"

"వాజిద్ శుక్రవారం తొమ్మిదిన్నరకు ప్లాస్టిక్ కవరు చించి వాట్సాప్‌లో ఫోటో పెట్టినాడు మేడం. అప్పుడు మరక లేదు."

"ఆ రోజు పొద్దున డిప్పు ఆరింటికి. అప్పటికి ఈ మూత కవరులోనే ఉండింది. బంకు మూసి ఉండాది, కరెంటు లేదు. మధ్యాహ్నం పేస్టుతో పనేముంది? ఒకటే పని. లోడు."

వెంకటముని నేల చూస్తున్నాడు.

"గురప్పా, చదువు."

గురప్ప కాగితం తీశాడు. "లారీ బంకులోకి వచ్చింది 12.44. బంకు వదిలింది 1.19. అయిదు వేల లీటర్ల పెట్రోలు."

"ఈగ కూడా రాలేదన్నారు," అంది అమరావతి. "పన్నెండు టైర్ల లారీ వచ్చింది. డ్రైవరు ఇప్పుడు వి.కోట దాటినాడు. రాత్రికి ఇక్కడ ఉంటాడు. నేను అడగాల్సినవి ఆయన్ను అడుగుతా. మీరు చెప్పేదుంటే ముందర చెప్పొచ్చు."

బయట ఎవరిదో స్కూటరు ఆగి, మళ్ళీ వెళ్ళింది.

"మునన్నా," అన్నాడు వాజిద్. "నేను తాడు నీ చేతికే ఇచ్చినా కదన్నా."

వెంకటముని తల ఊపాడు. ఊపుతూనే ఉన్నాడు.

"ఇచ్చినావప్పా. ఇచ్చినావు."

రామప్ప అతని మీదికి ఒక అడుగు వేశాడు. గురప్ప అడ్డం నిలబడ్డాడు.

"పని జరిగేటప్పుడు లోడు దించకూడదని తెలీదా నీకు?" రామప్ప అరిచాడు. "నీ చేత సంతకం పెట్టించుకున్నాం కదరా ఆ కాగితం మీద."

"తెలుసు. లారీ మర్నాడొస్తాదనుకున్నా. ముందే వచ్చేసింది. ఓనరుకు ఫోన్ చేసినా. తిప్పి పంపితే నువ్వూ ఆ లారీ ఎంబడే పో అన్నాడు. ఇరవై రెండేండ్లు సామీ. ఈ వయసులో నన్నెవురు పెట్టుకుంటారు?"

అప్పుడు దుప్పటి వెనక నుంచి నాజ్నీన్ మాట్లాడింది. గొంతు పెంచలేదు.

"అన్నా. ఒక్కటి చెప్పు. నేనింకేమీ అడగను. ఆయన పిలిచినాడా?"

వెంకటముని దుప్పటి వైపు తిరిగాడు. అటు చూడలేక మళ్ళీ నేల వైపు తిరిగాడు.

అమరావతి గురప్పకు సైగ చేసింది. గురప్ప ఫోన్ రికార్డింగ్ ఆన్ చేశాడు.

"చెప్తానమ్మా," అన్నాడు వెంకటముని. "తాడు పట్టుకున్నా. లారీ వచ్చింది. ఇక్బాలును అడిగినా, 'అప్పా, లోడు దించతాం, బయటికొస్తావా' అని. 'సగం పూసినా మునన్నా, ఇప్పుడు వదిలితే గడ్డ కడతాది, పది నిమిషాలియ్యి' అన్నాడు. ఆయన పక్కనుంచే రాడ్డు దించి డిప్పు చూసినా. నా మీద జోకులేసినాడు, రాడ్డు నెత్తిన పెట్టొద్దని. పది నిమిషాలాగుంటే సరిపోయేది. డ్రైవరు తొందరపెట్టినాడు. లోడు దించేటప్పుడు జనరేటర్ నడవకూడదు కదా, నిప్పు భయం. ఆపేసినా. బ్లోయరు దానెంబడే ఆగిపోతాదని అప్పుడు నాకు తట్టలేదమ్మా. ఒట్టు, తట్టలేదు. తాడు ఇనప కమ్మీకి కట్టేసి లారీ కాడికి పోయినా. కొంచేపటికి వచ్చి సూస్తే ఒరిగిపోయుండాడు. తాడు లాగినా. పలకలేదు. అరిచినా. పలకలేదు. పోయినాడనుకున్నా. నా చేతులాడలేదు. పెట్రోలు పోయడం అయిపోవచ్చింది. డ్రైవరు చలాన్ పట్టుకుని ఈ పక్కకే వస్తాండాడు. వాడు సూస్తే అయిపోయె. తాడిప్పి లోపలేసినా. మూత లాగి కప్పినా. అప్పుడు కదిలినాడమ్మా లోపల. చేతులతో మూతను తోసినాడు. నేను ఎక్కి కూసున్నా. పిలిచినాడు. కోపంగా కాదు. నేను వేసినానని ఆయనకు తెలీదు. 'మునన్నా, మూత పడిపోయిందన్నా' అన్నాడు. మళ్ళీ అన్నాడు, 'మునన్నా, మూత పడిందన్నా, కొంచెం తియ్యి.' డ్రైవరు ఆ సప్పుడేందన్నా అని అడిగినాడు. ట్యాంకులో గాలి అని చెప్పినా. లారీ పోయినాక తీద్దామనుకున్నానమ్మా. నిజంగా అనుకున్నా. లారీ పోయేసరికి లోపల సప్పుడు ఆగిపోయుండాది, బోల్టులు బిగించేసినా. కానీ ఆయన పిలుస్తాంటే ఆ మూత మీద కూసోనే చలాన్ మీద సంతకం పెట్టినా."